సాలన్న చోట

నాన్న ట్రంకుపెట్టెలో ఇవాళ దొరికిన పోస్టుకార్డుకి తీగ గుచ్చిన చిల్లు, దాని చుట్టూ తుప్పు మరక ఉన్నాయి. అది మావయ్య రాసిన కార్డు.

పి.యు.సి.కి విజయనగరం వెళ్తానని అక్క అన్నం మానేసిన రోజు, ఉత్తరాల తీగలోంచి నాన్న దాన్ని తీసి నాకిచ్చాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

"అందరికీ ఇనబడేలా సదవే."

"ఆడపిల్లని ఒక్కర్తినీ పట్నం పంపడమంటే నాకూ భయమే బావా," అని చదివాను.

"సాలు. బాగా సదివినావు." కార్డు జేబులో పెట్టుకుని, నా చేతిలో బెల్లంముక్క పెట్టాడు.

"మావ కూడా వద్దన్నాడేటి?" అంది అక్క. తర్వాత మెల్లగా కంచం ముందు కూర్చుంది.

సాలంటే మెప్పనుకుని మురిసిపోయాను. మావయ్య పోయినప్పుడు కూడా అక్క చూడ్డానికి వెళ్ళలేదు.

"అయినా పంపు," అని ఉంది కింది వరసలో. ఆ రోజు అదీ చదివాను, మనసులో.