వారాలు వెనక్కి చెప్పే పెదనాన్న

నా చిన్నప్పుడు మా పెదనాన్న డ్యూటీ నుంచి వస్తే తిన్నగా ఇంట్లోకి వచ్చేవాడు కాదు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, నన్ను పిలిచేవాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడాలి. ఆయన శనివారం దగ్గర మొదలుపెట్టి శుక్రవారం, గురువారం అంటూ ఆదివారం దాకా వారాలు వెనక్కి చెప్పేవాడు. చెబుతున్నంతసేపూ నా మొహంలోకే చూసేవాడు. నేను సరే అన్నాకే లోపలికి అడుగు పెట్టేవాడు.

మాది వన్ టౌన్‌లో పోర్టుకు దగ్గరగా ఉన్న ఇరుకు సందు. ఉతికిన బట్టలు ఆరేలోపే వాటి మీద పోర్టులోని ఇనుప ఖనిజం ఎర్రటి దుమ్ము పడేది. ఒకే పాత ఇంట్లో ఒక వాటా మాది, పక్క వాటా పెదనాన్నది. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఆయన తిండి మా ఇంట్లోనే. ఒక పెద్ద ఫ్యాక్టరీలో, పైపుల్లోంచి గ్యాస్ కారుతోందేమో చూసే పని ఆయనది. సందులో వాళ్లకు ఈ వారాల సంగతి మంచి కాలక్షేపం. ఎదురింటావిడ వీధరుగు మీద కూర్చుని, "ఏటి బాబూ, ఈరోజైనా పాసయ్యావా?" అని అడిగేది. ఆయన నవ్వేవాడు కాదు. నవ్వని మనిషిని ఎన్నాళ్లని ఆటపట్టిస్తారు, ఆవిడే విసుగెత్తి మానుకుంది.

ఇదంతా ఎందుకని ఒకసారి అడిగాను. ఈ ఊరు రాకముందు వేరే చోట పని చేసేటప్పుడు ఆయనకొక స్నేహితుడు ఉండేవాడట.

"ఆ గ్యాసుకి వాసనుండదు, రంగుండదు. ముందు తలకెక్కుతాది. ఎక్కినట్టు ఆడికి తెల్దు. 'నాకేటయ్యింది బావా, నాను బానే ఉన్నాను' అన్నాడు. నవ్వుతా అన్నాడు. నాను నమ్మీసినాను."

ఆ స్నేహితుడు బతకలేదని నాకు తర్వాత నాన్న చెప్పాడు.

"అందుకే గుంటా, బాగున్నానని నాను సెప్తే నమ్మకు. వారాలు అడుగు. తప్పయితే తప్పని సెప్పు. నాకు కోపమొచ్చినా సెప్పు."

అప్పటి నుంచి ఆ ఆట నాకు ఆటగా మిగల్లేదు. వచ్చింది పెదనాన్నేనా, పెదనాన్న చొక్కా వేసుకున్న ఇంకో మనిషా అని ఒక్కో వారం పేరూ చెవులు రిక్కించి వినేదాన్ని. బుధవారం దగ్గర ఆయన దగ్గితే మళ్లీ మొదటి నుంచి చెప్పించేదాన్ని. మనిషి తనకు తెలియకుండా తనలోంచి తప్పిపోవచ్చని, మొహం మీద నవ్వు మాత్రం అలాగే ఉండిపోతుందని ఆ వయసులో తెలియడం మంచిదో కాదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ ఏడు తుపాను పట్టింది. అమ్మా నాన్నా చుట్టాల పెళ్లికి వెళ్లి, బస్సులు లేక అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో నేను, నాయనమ్మ. కరెంటు లేదు. పట్టపగలే లాంతరు వెలిగించాం. నాయనమ్మకు చలి ఆగక వసారాలోని బొగ్గుల కుంపటిని గదిలోకి తెచ్చింది. బొగ్గుల్లోంచీ ఆ గ్యాసే వస్తుందని, కుంపటి పెడితే కిటికీ తీసి ఉంచమని పెదనాన్న ఎప్పుడూ చెప్పేవాడు. కానీ జల్లు నేరుగా మంచం మీదికి కొడుతోంది. నాయనమ్మ కిటికీ మూసి, సందుల్లో గోనెసంచి కుక్కి, తలుపు గడియ పెట్టి, చాప మీద ముసుగు తన్ని పడుకుంది.

గది వెచ్చబడింది. తడి గౌనులు కుంపటి చుట్టూ ఆరేశాను. కాసేపు తల నొప్పి పెట్టింది. తర్వాత అదీ పోయి చాలా హాయిగా అనిపించింది. గోడ మీద లాంతరు నీడ ఊగుతుంటే నవ్వొచ్చింది. నాయనమ్మను పిలిచాను. పలకలేదు. అదీ నాకు నవ్వులాటగానే తోచింది.

తలుపు చప్పుడైంది. గడియ తీయడానికి చాలాసేపు పట్టినట్టు గుర్తు. పెదనాన్న ముద్దగా తడిసి గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. మీసాల్లోంచి నీళ్లు కారుతుంటే చూసి పకపకా నవ్వాను. ఆయన శనివారం, శుక్రవారం అని మొదలుపెట్టి, నా భుజం మీదుగా లోపలి కుంపటిని చూసి ఆపేశాడు.

"నువ్వు సెప్పు," అన్నాడు.

"నాకేటి పెదనాన్నా, నాను బానే ఉన్నాను."

"వారాలు సెప్పు."

చెప్పాను. శనివారం, శుక్రవారం, శనివారం, శుక్రవారం. గానుగెద్దులా అక్కడక్కడే తిరిగాను, తిరుగుతున్నట్టు నాకు తెలియదు. ఆదివారం దాకా చేరిపోయాననే నా నమ్మకం. ఆయన తప్పన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గానే చెప్పానని అరిచాను. రెక్క పట్టుకుని వానలోకి లాగితే ఆయన చెయ్యి కొరికాను కూడా.

తర్వాత నాయనమ్మను చాపతో సహా ఈడ్చుకొచ్చాడు. వాన ఆమె మొహం మీద పడుతున్నా కళ్లు తెరవలేదు. "అమ్మా, అమ్మా" అని చెంపల మీద తట్టాడు. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. నా నవ్వు అప్పుడాగింది. చాలాసేపటికి ఆమె పెదవులు కదిలాయి.

"బానే ఉన్నాన్రా, పడుకోనీ," అంది.

ఆ మాట వినగానే పెదనాన్న ఏడ్చాడు. ఆమెను కూర్చోబెట్టి, పడుకోనివ్వకుండా పట్టుకున్నాడు. ఆమె వాంతి చేసుకుంది. ఎదురింటాయన ఆటో తెస్తే ఆసుపత్రికి తీసుకెళ్లారు. నాయనమ్మ బతికింది, తర్వాత చాన్నాళ్లు ఉంది. నాకు మాత్రం ఆ పూట ప్రాణం పోబోయిందన్న భయం కంటే, నా తప్పు నాకు అంత ఒప్పుగా కనిపించిందన్న భయమే ఎక్కువ కాలం ఉండిపోయింది.

ఇప్పుడు నా జుట్టే తెల్లబడుతోంది. పెదనాన్న బాగా పెద్దవాడయ్యాడు, నా దగ్గరే ఉంటున్నాడు. రిటైరైనా ఆయన అలవాటు రిటైరు కాలేదు. గుడి దాకా నడిచొచ్చినా గుమ్మం బయట ఆగుతాడు. మొన్న అలాగే ఆగి, శనివారం, శుక్రవారం అన్నాడు. మళ్లీ శనివారం అన్నాడు. మళ్లీ శుక్రవారం. చెప్పడం అయిపోయినట్టు తలెత్తి నా సరే కోసం చూశాడు. ఆ ధీమా నేను ఎరిగినదే.

సరే అనేద్దామనిపించింది. ఎండలో నడిచి అలిసిపోయి వచ్చిన పెద్దమనిషి.

"తప్పు పెదనాన్నా," అన్నాను.

"సరిగ్గానే సెప్పినాను కదే," అన్నాడు కోపంగా. నా మొహంలోకి చూశాడు. ఆ తర్వాత వాదించలేదు. పట్టుకోమని మెల్లగా చెయ్యి చాపాడు.

ఆయన్ని డాక్టరుకు చూపించాను, వయసుతో వచ్చే మతిమరుపు మొదలైందన్నారు. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి తాత వారాలు వింటూ పెరిగిన మా అమ్మాయిని పిలిచాను. ఎందుకు పిలిచానో దానికి తెలుసు. వచ్చి ఎదురుగా నిలబడింది. శనివారం అని మొదలుపెట్టాను, దాని మొహంలోకే చూస్తూ.