బల్ల మీద పెట్టిన మోటారు

ఆ వీధిలో ఆమెను అందరూ వైండింగక్క అనే పిలుస్తారు. కాలిపోయిన మోటార్లలో పాత రాగి తీగ కోసి పారేసి, కొత్త తీగ చుట్టడం ఆమె పని. పెళ్ళయిన కొత్తలో భర్త దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక ఆ పనే కూడు పెట్టింది. నీళ్ళ మోటారైనా, పిండిమర మోటారైనా ఆమె బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోవచ్చు. ఏమైంది, ఎలా అయింది అని అడగదు. అడిగితే మాత్రం జనం నిజం చెబుతారా? "దానంతటదే ఆగిపోయిందమ్మా" అంటారు, పాపం ఏమీ ఎరగనట్టు! అందుకే బల్ల మీదికి వచ్చిందంటే బాగు చెయ్యాలంతే. ఆ కొట్టు పద్ధతి అది.

మనిషి స్వభావమూ అంతే. చెడిపోయినది కంటబడితే ఆమెకు అన్నం సహించదు. పక్కింటి గేటు కిర్రుమంటే అడక్కుండానే వెళ్ళి నూనె వేసి వస్తుంది. తమ్ముడూ మరదలూ మాటలు మానేస్తే మధ్యలో కూర్చుని ఇద్దరినీ తిట్టి నవ్విస్తుంది. "వదినా, మమ్మల్ని కాసేపు పోట్లాడుకోనివ్వండి" అని మరదలు మొత్తుకున్నా చెవిన పెట్టదు.

తల్లి లేని తమ్ముణ్ణి తనే పెంచి పెద్ద చేసింది. అతను చదువుకున్నాడు, మంచి ఉద్యోగంలో కుదిరాడు, ఒకరోజు ఆ ఉద్యోగం వదిలేసి వచ్చి కూర్చున్నాడు. అంబులెన్సు ఎక్కలేని ఇరుకు ఎత్తు వీధుల్లో రోగిని పడుకోబెట్టి తీసుకెళ్ళే కరెంటు బండి చేస్తానన్నాడు. ఇద్దరు స్నేహితులు కూడా వాళ్ళ ఉద్యోగాలు మానేసి అతని వెంట వచ్చారు. ముగ్గురూ అక్క కొట్టు వెనకున్న రేకుల షెడ్డులో కంపెనీ పెట్టారు. కొత్త రకం బండ్ల నమూనాలు తయారు చేసేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటులో మొదటి విడత వచ్చింది. బండి తయారైంది. ఆ విడత కూడా అయిపోయింది.

బరువేసి పరీక్ష చేసిన రోజున బండి పెద్ద వాలు సగం ఎక్కి, మలుపు దగ్గర పొగ కక్కి ఆగిపోయింది. మోటారు మాడి మసైపోయింది. విచిత్రమేమిటంటే తమ్ముడు దిగులు పడలేదు. రెండో విడత ఇచ్చేదే ఇలాంటి లోపాలెందుకు వస్తున్నాయో కనిపెట్టడానికి. కారణం తేల్చి చూపిస్తేనే రోగిని ఎక్కించుకునే అనుమతి వస్తుంది. జరిగింది జరిగినట్టు గ్రాంటు ఆఫీసుకు రాసి, స్వయంగా మాట్లాడదామని పట్నం వెళ్ళాడు. వెళ్ళే తొందరలో, షెడ్డులో చోటు లేక, కాలిన మోటారును అక్క బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఏం చెప్పమంటారు! పొద్దున్నే కొట్టు తెరిచిన అక్క దాన్ని చూసింది. "అయ్యో నా తండ్రీ, ఎంత కష్టమొచ్చిందిరా నీకు" అంటూ విప్పింది, మాడిన తీగ ఉలితో కోసి తుక్కు బుట్టలో వేసింది. అదే తీగ దొరకలేదు, కాస్త లావుది చేతిలో ఉంటే అదే చుట్టింది. వార్నిష్ పోసి, ఆరబెట్టి, బండికి బిగించింది. తమ్ముడు వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది, మెచ్చుకుంటాడని.

అతని ముఖం పాలిపోయింది.

"అక్కా, ఆ కాలిన తీగేది?"

"తుక్కువాడికి వేసేశాను. ఏరా?"

"గ్రాంటు ఇచ్చే కమిటీ వచ్చేది దాన్ని చూడ్డానికే అక్కా. అది కాలిన తీరు చూసే కారణం తేలుస్తారు. అదే మన సాక్ష్యం."

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా తుక్కు కొట్టుకు పరిగెత్తింది. అప్పటికే అది కొలిమికి పోయింది. "కాలిన రాగి ఎవరిదైతేనేం అక్కా, ఇదుగో ఇంకోటి పట్టుకెళ్ళు" అని తుక్కువాడు మరో మాడిన చుట్ట చేతిలో పెట్టాడు. నిండా మునిగినవాడికి చలేమిటని ఆమె దాన్నే తెచ్చింది. తమ్ముడు ముట్టుకోలేదు. "రోగులు ఎక్కే బండి అక్కా. దీని మీద దొంగ సాక్ష్యం చెప్పను" అన్నాడు. రెండో విడత రాకపోతే షెడ్డు మూయాలి. స్నేహితులిద్దరూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఆమె ఆ చుట్టను పక్కన పడేసింది.

"అయితే మళ్ళీ కాలుస్తాను" అంది. "అదే బండి, అదే వాలు, అదే బరువు. వాళ్ళ కళ్ళెదుటే కాలుస్తాను. అది దొంగ సాక్ష్యం కాదు కదరా!"

కమిటీ వచ్చింది. పెద్దావిడ ఒకరు, ఇంజనీరు ఒకరు. ఇసుక మూటలు ఎక్కించారు. నడపడానికి అక్కే కూర్చుంది. జీవితమంతా మోటార్లు కాలకూడదని చూసిన మనిషి, ఆ రోజు ఒక్కటి కాలితే చాలని దండం పెట్టుకుంది. వాలు మొదలైంది. ఒక చెయ్యి మోటారు మూత మీదే ఉంచింది. గోరువెచ్చగా ఉంది, అంతే. మలుపు వచ్చింది. "కాలవే తల్లీ, నీకు దండం పెడతాను, కాలవే" అని గొణిగింది. మలుపు దాటిపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఇంకా గట్టిగా తొక్కింది. బండి దర్జాగా వాలు పైకెక్కి కూర్చుంది.

పెద్దావిడ ఆయాసపడుతూ వెనకాలే ఎక్కి వచ్చింది. చెడ్డ మనిషి కాదు.

"ఇక్కడ కాలిందని రాశారు. కాలలేదే. నన్నేం రాయమంటారమ్మా?"

"నేను బాగు చేశానండీ."

"లోపమేమిటో కనిపెట్టారా?"

"లేదండీ. కాలింది కాబట్టి విప్పి చుట్టాను."

"తీగ మార్చారు కాబట్టి కాలడం ఆగిందా? లేక మొదటిది సరిగ్గా చుట్టక కాలిందా? రేపు మరో బండిలో మళ్ళీ కాలదని చెప్పగలరా?"

చూపించడానికి అక్క దగ్గర పాత తీగ లేదు. "లోపం కనబడనప్పుడు దాన్ని వెతకడానికి డబ్బు ఎలా ఇవ్వను తల్లీ" అని ఆవిడ మెల్లగానే చెప్పింది. పోతూ పోతూ ఇంజనీరు, "బండి మాత్రం చాలా బాగుందండీ" అన్నాడు. ఆ మాటకు అక్క నెత్తి మీద ఎవరో కొట్టినట్టయింది.

వాళ్ళు దిగిపోయారు. స్నేహితులిద్దరూ ఇసుక మూటలు దించారు. ఆమె స్టీరింగు వదలకుండా అక్కడే కూర్చుంది. తమ్ముడు పక్కన వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"అక్కా" అన్నాడు. "చెడిపోయినదాన్ని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అలా వదిలెయ్యలేకపోయావా?"

"నువ్వే కదరా నా బల్ల మీద పెట్టావు" అంది.

అతను తల ఊపాడు. బండెక్కి, రోగి పడుకునే బల్ల మీద వెనక్కి ఒరిగి, మోచెయ్యి కళ్ళ మీద వేసుకున్నాడు. "పద అక్కా, ఇంటికి పోదాం" అన్నాడు.

ఆమె బండి దించింది. దారి పొడుగునా వెక్కివెక్కి ఏడుస్తూనే నడిపింది. ఆ బండి ఒక్క కుదుపు లేకుండా, ఎక్కడా ఆగకుండా, తమ్ముణ్ణి జాగ్రత్తగా ఇంటిదాకా మోసుకొచ్చింది.