పాస్‌వర్డ్ పెదనాన్న

మా పెదనాన్న పళ్లు తోముకోవడమైనా మానతాడేమో గానీ, పొద్దున్నే వైఫై పాస్‌వర్డ్ మార్చడం మాత్రం మానడు. మార్చింది మనకు చెప్తాడా అంటే, అబ్బే! మన ఫోను లాక్కుని, మనల్ని గోడవైపు తిరగమని, ఒక్కో అక్షరం వెతికి వెతికి నొక్కుతాడు. ఈలోగా కాఫీ చల్లారిపోతుంది.

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఎవరి దగ్గరండీ ఈ దాపరికం?" అంటుంది పెద్దమ్మ.

"దొరకనంతవరకూ అందరూ దొరలేనే!" అంటాడాయన.

టెలిఫోన్ ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. రౌటర్ బిగించిన రోజే, "పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ ఉంచుకోవడమంటే తాళంచెవి తలుపుకే వేలాడదీయడంరా" అని గంటసేపు క్లాసు పీకాడు. నేను ఆవలిస్తూ విన్నాను.

నాదేమో ఇంటి నుంచి చేసే కొత్త ఉద్యోగం. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. అది తేల్చే మీటింగు రోజున, సరిగ్గా పదింటికి నెట్ పోయింది. పెదనాన్న ఆ రోజు ఆలస్యంగా పాస్‌వర్డ్ మార్చేసి తీరిగ్గా స్నానానికెళ్లాడు! తలుపు దబదబా బాదాను.

"మీ చాదస్తానికో దండం పెదనాన్నా! నా పొట్ట కొట్టడానికే ఉన్నారా ఈ ఇంట్లో?"

తడితలతో వచ్చాడు. నన్ను గోడవైపు తిరగమనకుండానే నొక్కి వెళ్లిపోయాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం మెట్ల మీద కింది వాటా టైలరమ్మ కనిపించింది.

"నువ్విచ్చే వైఫై మర్నాటికల్లా పోతోంది బాబూ. మీ పెదనాన్ననడిగితే, 'మావాడు ఇద్దామనే పోరుతున్నాడమ్మా, నేనే పిసినారిని' అన్నారు. ఏదేమైనా నువ్వు బంగారం!"

అడిగితే కాదనలేని మొహమాటం నాది. ఫోనులో వైఫై పంచే గళ్లగళ్ల క్యూఆర్ కోడ్ తెరిచి, టైలరమ్మకీ, పక్కింటి మాస్టారికీ, చివరికి కుళాయి బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరుకీ స్కాన్ చేయించాను. ముగ్గురున్న ఇంట్లో ఇరవైమూడు ఫోన్లు తగులుకోవడం రౌటర్ జాబితాలో పెదనాన్న చూడకుండా ఉంటాడా? వాళ్లంతా సినిమాలు పెడితే నా మీటింగు నత్తనడకే మరి. నన్ను పల్లెత్తు మాట అనలేదు. నా మంచిపేరు నాకుంచి, వీధంతటికీ తాను పిసినారయ్యాడు. ఆ మనిషినా నేనంత మాటన్నది!

లోపలికెళ్లేసరికి రౌటర్ మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"తప్పయిపోయింది పెదనాన్నా. ఇకనుంచి ఎవరడిగినా కుదరదని నేనే చెప్తాను."

"నువ్వా!" గుడ్డ పక్కన పెట్టాడు. "ఏదీ, నేను పక్కింటివాణ్ణనుకో. బాబూ, మీ వైఫై కాస్త ఇస్తావా?"

"కు... కుదర..."

"పది నిమిషాలు చాలు బాబూ. మా పిల్లకి పరీక్ష." మొహం ఎంత దీనంగా పెట్టాడనీ!

"అయ్యో, పరీక్షా!" అంటూ జేబులోంచి ఫోను తీసేశాను.