బాబా వేట కోటు

కువైట్‌లోని జహ్రాలో నేను పనిచేసిన ఇంటి యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేదాన్ని. బాబా వేట బట్టలంటే నాకు ఒళ్లు మంట. సబ్బు వాసన తగిలితే కుందేళ్లు పారిపోతాయని వాటిని ఉత్త నీళ్లలోనే ఉతకమనేవాడు. నెత్తుటి మరకలు ఉత్త నీళ్లకు ఊరికే పోతాయా?

ఇరాకీలు ఊళ్లోకి వచ్చాక కూడా అలవాటుకొద్దీ ఆయన ఖాకీ కోటు ఉతికి మిద్దె మీద ఆరేశాను. అది చూసి ఇద్దరు సైనికులు పైకొచ్చారు.

"ఈ మిలిటరీ కోటు ఎవరిది?"

నా పక్కనే ఉన్న మామా ముఖం పాలిపోయింది. కువైటీ మగవాళ్లను పట్టుకుపోతున్నారని బాబా కింద గదిలో దాక్కుని ఉన్నాడు.

మా కడప పల్లెల్లో చేనిపనికి పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుంటారు. నేనూ నైటీ మీద ఆ తడి కోటు తొడుక్కుని, దాని చేతులు పైకి మడిచి, చీపురు అందుకున్నాను.

"నాదే. పనికి ఏసుకుంటా" అన్నాను వచ్చీరాని అరబ్బీలో.

మోకాళ్ల దాకా వేలాడే కోటులో నన్ను చూసి వాళ్లు పడీపడీ నవ్వుకుంటూ దిగిపోయారు.

యుద్ధం ముగిశాక బాబా వేటకు బయల్దేరుతూ కోటు అడిగాడు.

"అది ఇంక ఆ పిల్లది. ఖలాస్" అంది మామా.

ఆ పూటే దాన్ని ఇంట్లోకెల్లా ఘాటైన వాసన సబ్బు పెట్టి ఉతికాను.