రెండు వేళ్లు ఎక్కువైన కోట

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు అంబదాస్ ఆఖరుగా చేసిన పని బుచ్చమ్మ జాకెట్టు వదులు చేయడం. పక్క కుట్టు విప్పి, లోపల మడిచి ఉంచిన బట్టను బయటికి తీసి, మళ్లీ కుట్టి, ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాడు. ఆ మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు.

ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఏది కుట్టినా లోపల రెండు వేళ్ల బట్ట ఎక్కువ వదులుతాడు. దిండు గలేబుకు కూడా వదులుతాడు.

"దిండు సుత లావైతదా పెద్దబాపు?"

"దూదిని నమ్మద్దు బిడ్డా."

సిరిసిల్ల నుంచి వచ్చి బల్కంపేట రోడ్డు మీద దుకాణం పెట్టిన నాటి నుంచి ఆయన దగ్గర కుట్టించుకున్న ఆడవాళ్లు ఎంత లావైనా కొత్త జాకెట్టు జోలికి పోలేదు. ఆ దుకాణం ముప్పై ఏళ్లు ఎట్లా నడిచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అలాంటి మనిషిని నేను కోట కట్టడానికి పిలిచాను.

అమీర్‌పేటలో గేమ్ డిజైన్ నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్ పోటీ పెట్టింది. కంప్యూటర్‌లో దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇళ్లు కట్టే ఆటలో మధ్యయుగాల నాటి కోట కట్టాలి. మొదటి స్థానం వస్తే కోర్సులో ఉచితంగా సీటు. ఆ సీటు దొరక్కపోతే నాకు ఆ కోర్సు లేనట్టే. ఇద్దరి దాకా కలిసి కట్టవచ్చు. స్నేహితులంతా అప్పటికే జతలైపోయారు. మిగిలింది పెద్దబాపు.

"కోట ఎవరికి?" మెడలోని టేపు చేతిలోకి తీసుకుంటూ అడిగాడు.

"రాజుకు."

"నడుమెంత?"

"రాజు లేడు పెద్దబాపు. ఉన్నడనుకోవాలె, అంతే."

"కొలతల్లేకుండ కోటనా? మరి గీ ఆటల మనుషులు ఏం సైజుంటరు?"

"అందరు ఒక్కటే సైజు."

"అందరా?" ఆయన ముఖం వాడిపోయింది. "గా ఊర్ల దర్జీ ఎట్ల బతుకుతుండో, పాపం."

అయినా నేర్చుకున్నాడు. తెర మీద బొమ్మ పరుగెత్తితే బల్ల కింద ఈయన కాళ్లు మిషను తొక్కేవి. పాత పేపరును నాలుగు మడతలు పెట్టి, ఒక మూల కత్తిరించి విప్పితే, అదే కోట నక్షా. దాంతో నాలుగు దిక్కులా నాలుగు సింహద్వారాలు వచ్చాయి.

"ఏది ముందు, ఏది వెనక?"

"ఎటుకెళ్లి వస్తే గదే ముందు."

నేను కాలేజీకి పోతే ఆయన దుకాణంలో కూర్చుని కట్టేవాడు. ఒకరోజు వచ్చి చూస్తే ప్రతి గోడకూ బయట ఇంకో గోడ. రెంటి మధ్యా రెండు దిమ్మెల ఖాళీ.

"గిదేంది?"

"ఇడిచిన."

"గోడలు లావైతయా?"

"ఏమో. రాజులను నమ్మద్దు."

జాకెట్టు కోసం వచ్చిన బుచ్చమ్మ తెరలోకి తొంగి చూసింది. "మంజూ, నీ కోటకు హుక్కులు సుత పెట్టిచ్చుకో."

ఆ ఆటలో చీకటి పడితే భూతాలు వస్తాయి. ఇల్లు లేనివాళ్లను చంపేస్తాయి, వాళ్లు పోగేసిన సామానంతా పోతుంది. పోటీలో ఉన్నవాళ్లందరికీ ఒకటే మైదానం. కొత్తవాళ్లు రోజూ చచ్చి, విసిగి, మానేస్తుంటే నాకు లోలోపల సంతోషంగానే ఉండేది. తర్వాత ఎందుకో మానేయడం ఆగిపోయింది.

పోటీ నాటి పొద్దున నిబంధనలు మళ్లీ చదివాను. కోట వెడల్పు అరవై దిమ్మెలు దాటకూడదట. మాది అరవై ఆరు. నాకు ఏడుపొచ్చింది. పెద్దబాపు ముఖం మాత్రం వెలిగిపోయింది.

"గందుకే గదా ఇడిచింది! బయటి గోడ తీసెయ్. లోపలిది సరిగ్గ అరవై."

తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "జర ఆగు. లోపల మనుషులున్నరు."

"ఏం మనుషులు? ఇంక గంటనే ఉంది!"

"నువ్వు పోయి చాయ్ తాగి రా."

తాగి వచ్చేసరికి బయటి గోడ లేదు. కోట కొలతకు వచ్చింది. మనుషుల సంగతి మాత్రం తేలలేదు.

పంజాగుట్టలోని హాల్లో ఇన్‌స్టిట్యూట్ యజమాని జోగారావు గారు మా కోటను పెద్ద తెర మీద తిప్పి చూశారు. బురుజులు బాగున్నాయన్నారు. దర్బారులోకి వెళ్లి ఆగిపోయారు.

"సింహాసనం ఏదమ్మా? ఈ మంచాలేంటి? పదకొండు! ఇది కోటా, హాస్టలా?"

హాలంతా నవ్వింది. నేను తెల్లబోయి పెద్దబాపు వైపు చూశాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"రాజుకు చుట్టాలు రారా సారూ?"

మంచాలకు మార్కులు తగ్గాయి. మాకు రెండో స్థానం. సీటు సుకన్య అనే అమ్మాయికి పోయింది.

నేను మూడు రోజులు పెద్దబాపుతో మాట్లాడలేదు. నాలుగో రోజు నాకు చుడీదారు కుట్టి తెచ్చాడు, లోపల రెండు వేళ్లు వదిలి.

"కోపమొస్తే మనిషి ఉబ్బుతడు బిడ్డా."

నవ్వకుండా ఉండలేకపోయాను. మంచాలు ఎందుకని మాత్రం అడగలేదు. రెండు నెలలకే ఆయన పోయాడు.

పదో రోజున సుకన్య మా ఇంటికి వచ్చింది. కృష్ణానగర్ పిల్ల.

"నేను లేటుగ చేరిన అక్కా. రోజు చచ్చుడే. ఇగ ఇడిచిపెడదమనుకున్న. ఒకనాడు చీకటైతుంటే ఒక బొమ్మ నా ముంగటికొచ్చి, 'మా గోడల జాగ ఉంది, వచ్చి పండుకో బిడ్డా' అని రాసింది. పోయి చూస్తే వరుసగ అర్రలు, అర్రకో మంచం, మంచం పక్కన రొట్టె. నా లెక్కనే ఇంక మస్తు మంది ఉన్నరు."

"నాతోని పోటీకి దిగినోళ్లంత నా గోడలల్ల ఉన్నరా?"

"అవునక్కా. ఆఖరి రోజు గోడ తీస్తుండని మంచాలన్ని దర్బార్ల ఏసిండు. 'పీకెయ్యి అంకుల్, మీకు మార్కులు పోతయ్' అని మేమే రాసినం. ఇనలే."

తిట్టాలో నవ్వాలో తోచక పేర్లు చెప్పమన్నాను. సుకన్య వేళ్ల మీద చెప్పుకుంటూ పోయింది. పది దగ్గర ఆగింది.

"మరి పదకొండోది?"

"జోగారావు సారుది. మైదానం ఎట్లుందో చూద్దమని వేరే పేరుతోని వచ్చి, రెండు రోజులు వరుసగ చచ్చిండంట. మూడోనాడు ఎవరో 'వచ్చి పండుకో బిడ్డా' అని గోడల జాగ ఇచ్చిన్రంట. మొన్న క్లాసుల ఆయననే చెప్పిండు. చీకట్ల పండుకున్నది ఎవరి కోటలనో ఇప్పటికి తెల్వదంట."