మాటల్లేని ఐదో భాగం: కొత్తపేట కామిక్స్ మేళాలో ఒక ఆదివారం

కండక్టర్ యాదమ్మ బస్సు ఏమైపోయిందో తెలుసుకోవాలని ఈ ప్రయాణం పెట్టుకున్నాను. యాదమ్మ నిజం మనిషి కాదు, బొమ్మల పుస్తకంలో పాత్ర. నేను బడికి పోయే రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చిన్న ప్రెస్సు వాళ్ళు ఆ కామిక్ వేసేవాళ్ళు. సూర్యాపేటలో మాకు మందుల దుకాణం ఉంది. నాన్న సరుకు కోసం సిటీకి పోయినప్పుడల్లా నాకో భాగం కొనుక్కొచ్చేవాడు. నాలుగో భాగం చివరి పేజీలో, సరూర్‌నగర్ చెరువు పక్కన, పొగమంచులో బస్సు ఆగుతుంది. ఇంజను వేడెక్కిందని యాదమ్మ నీళ్ళు తేవడానికి దిగుతుంది. తిరిగొచ్చేసరికి బస్సు లేదు, జనం లేరు, రోడ్డు మీద ఒంటి చెప్పు పడి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ‘తరువాయి ఐదో భాగంలో’. ఆ ఐదో భాగం ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పుడా దుకాణం నేనే నడుపుతున్నాను, నా కూతురు డిగ్రీ చదువుతోంది. ఐనా పొగమంచు పట్టిన ప్రతి పొద్దునా నాకా బస్సే గుర్తొస్తుంది. అందుకే, కొత్తపేటలో చిన్న ప్రచురణకర్తల కామిక్స్ మేళా జరుగుతుందనీ, పాత తెలుగు కామిక్స్ కూడా అమ్ముతారనీ ఫోన్‌లో చూసిన రోజే, వచ్చే ఆదివారం దుకాణం మూసేయాలని నిర్ణయించుకున్నాను.

పొద్దున ఆరింటికి సూర్యాపేటలో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపించి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ తీసుకున్నాను కాబట్టి ఆ ఖర్చు లేదు, మగవాళ్ళైతే ఓ రెండొందల పైన చేతిలో ఉంచుకోండి. ఎంజీబీఎస్ పెద్ద బస్టాండు దాకా పోవాల్సిన పని లేదు, ఈ దారిలో వచ్చే బస్సులన్నీ ఎల్బీనగర్‌లో ఆగుతాయి. తొమ్మిది దాటాక అక్కడ దిగేసరికి పద్మ వదిన ఎదురుచూస్తోంది. మా అన్న భార్య, మీర్‌పేట్‌లో ఉంటుంది. పుట్టిల్లు తెనాలి. పెళ్ళై ఇన్నేళ్ళైనా మాట రవ్వంత మారలేదు. కామిక్స్ అంటే ఏమాత్రం ఇష్టం లేదు, నేనొక్కదాన్నే తిరుగుతానని తోడొచ్చింది.

మెట్రో స్టేషన్ కింద బండి దగ్గర కారం దోసెలు చెప్పాం. బండాయన పెనం మీద నీళ్ళు చల్లుతూ, “పొద్దుగాల ఏడికి పయనమైన్రు మేడం?” అన్నాడు.

“కొత్తపేటల బొమ్మల పుస్తకాల మేళా ఉన్నదన్నా.”

“పిల్లలకా?”

“కాదు, నాకే.”

ఆయన నవ్వి నా దోసె మీద ఇంకో చెంచా కారం రాశాడు. అది మెచ్చుకోలో శిక్షో తెలియలేదు గానీ, వదిన మాత్రం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, “నీ కామిక్స్ సంగతి నాకు తెలీదు స్వప్నా, ఈ దోసె కోసం మాత్రం మళ్ళీ రావచ్చు,” అంది.

కొత్తపేటకు విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో దిగాలి, ఎల్బీనగర్ నుంచి మెట్రోలో పక్క స్టేషనే, ఎక్కామో లేదో దిగిపోతాం. టికెట్ పదిహేను రూపాయల లోపే. మేళా ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద తెర కట్టి, భోజనాల బల్లల మీద పుస్తకాలు పరిచారు. పెద్ద పెద్ద కామిక్ ఉత్సవాల్లాగా వేషాలూ లేజర్ లైట్లూ ఉండవు. బొమ్మ గీసినవాళ్ళే బల్ల వెనక కూర్చుని పుస్తకం అమ్ముతారు, అడిగితే ఆ పేజీ ఎలా గీశారో చెబుతారు. నాకు దొరికినవి చెప్తాను. నీళ్ళ ట్యాంకర్ కోసం కాపు కాసే ఒక కాలనీ కథ, మాటలన్నీ బిందెలే మాట్లాడతాయి. విప్పితే బారెడు పొడుగ్గా జారే మడత పుస్తకం ఒకటి, అందులో మీర్‌పేట్ షేర్ ఆటోలో పక్కపక్కన కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. చేత్తో కుట్టిన హాస్టల్ పిల్లి కథ. యాభై నుంచి మూడొందల దాకా ధరలు. మోకాళ్ళ పుస్తకం చూసి వదిన, “అయ్యో, ఇదిగో ఈ మోకాలు నాదే!” అని పగలబడి నవ్వి, తనే కొనేసింది. తోడొచ్చిన మనిషి మొదటి పుస్తకం కొన్నదంటే నాకెంత సంబరంగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

పాత పుస్తకాల బల్ల హాలు చివర ఉంది. ఫణి అని ముప్ఫై ఏళ్ళ కుర్రాయన, సొంతంగా ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాడు, మేళా పెట్టినవాళ్ళలో ఒకడు. అతని ముందు యాదమ్మ కనిపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బల్ల చివరిదాకా వెతికాను.

“ఐదోది?” అన్నాను.

“ఐదోది అచ్చే కాలేదు మేడం,” అన్నాడు ఫణి. “మాటలు రాసినాయన చనిపోయిండు, ప్రెస్సు మూతపడ్డది. బొమ్మలేసినామె ఆయన చెల్లెలే, అండాలు గారు. దిల్‌సుఖ్‌నగర్‌ల పోచంపల్లి చీరల దుకాణం ఉన్నది. నేను రెండుసార్లు పోయి పిలిచిన. రానన్నది. నాలుగ్గంటలకు తెర మీద చదివే కార్యక్రమం ఉన్నది, అందుల నాలుగో భాగమే చదువుతం.”

ఇన్నేళ్ళూ ఆ పుస్తకం ఎక్కడో ఏదో అటక మీద ఉందనీ, నాకే దొరకలేదనీ అనుకున్నాను. అసలు పుట్టనే లేదంటే ఏం చేయాలి? కుర్చీలో కూలబడ్డాను. వదిన ఒక నిమిషం నన్ను చూసి, ఫణి వైపు తిరిగింది. “ఏమండీ, ఆవిడది చీరల కొట్టన్నారు కదూ? చీరల కొట్టుకి ఎవరైనా వెళ్ళొచ్చు. లే స్వప్నా, ఏడుస్తూ కూర్చుంటే బస్సు రాదు.”

ఫణి వెనక నుంచి అరిచాడు. “జర జల్దీ రాండ్రి మేడం! సాయంత్రం ఈడ రిసెప్షన్ ఉన్నది, ఐదు గంటలకు హాలు ఖాళీ చెయ్యాలె!”

మళ్ళీ మెట్రో. చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగర్. ఆదివారం మధ్యాహ్నం ఆ మెయిన్ రోడ్డు మీద నడవడమంటే కోచింగ్ సెంటర్ల పిల్లల మధ్య, చెప్పుల బండ్ల మధ్య, భుజం వాల్చి దారి చేసుకోవడమే. ఫణి ఇచ్చిన చిరునామా ప్రకారం వెళ్తే, దుకాణం ఒక సందులో, మేడ మీద ఉంది. అండాలు గారికి అరవై ఐదేళ్ళుంటాయి. పరుపు మీద కూర్చుని ఇక్కత్ చీర మడత పెడుతోంది. వదిన నిజంగానే చీరలు తీయించడం మొదలుపెట్టింది. నేను ధైర్యం చేసి యాదమ్మ పేరెత్తాను.

ఆమె చెయ్యి ఆగింది. “గదంత అయిపోయిన ముచ్చట బిడ్డ. చీర చూడు.”

“అమ్మా, ఒక్క మాట అడిగి పోత,” అన్నాను. “ప్రతి పేజీల ఏదో ఒక మూలకు మేకపిల్ల ఉంటది. సీటు కిందనో, టీ కొట్టు వెనకనో. నాలుగో భాగం ఆఖరి పేజీల మాత్రం లేదు. చిన్నప్పటి సంది వెతుకుతున్న. అది గుడ బస్సులనే పోయిందా?”

ఆమె నన్ను తేరిపార చూసింది. “మేకపిల్లను నువ్వు చూసినవా?”

“మొదటి భాగంల తోక మాత్రమే కనవడ్తది. డిపో గోడ వెనక.”

“మా అన్న గుడ చూడలే,” అంది. “ఆఖరిదాంక ఆయనకు చెప్పలే. పుస్తకం అంత అయినంక చూపిచ్చి నవ్విద్దమనుకున్న.”

లేచి లోపలికి వెళ్ళింది. చీరల అర అడుగు నుంచి బట్టలో చుట్టిన అట్టల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. ఐదో భాగం. పేజీలన్నీ ఉన్నాయి. నల్ల సిరాతో, ఒక్క గీత చెదరకుండా. కానీ మాటలుండాల్సిన బుడగలన్నీ ఖాళీ.

“నేను బొమ్మలేసినంక ఆయన మాటలు రాస్తుండె,” అంది అండాలమ్మ. “ఇవి అయ్యేటాలకు ఆయన లేడు. ఇంకొకలతోని రాయించ బుద్ధి కాలే. మాటల్లేని పుస్తకం ఎవలు చదువుతరు?”

ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. “నేను చదువుత. యాదమ్మ ఎట్ల మాట్లాడ్తదో నాకు నోటికొచ్చు. నాలుగు భాగాలు ఎన్నిసార్లు చదివిన్నో లెక్కలేదమ్మా. తప్పు చదివితే ఆడనే ఆపుండ్రి.”

ఆమె అట్టలను ఒక్కొక్కటిగా సర్ది మళ్ళీ బట్టలో చుట్టింది. కింద రోడ్డు మీద హారన్లు వినిపిస్తున్నాయి. వదిన చేతిలోని చీర మెల్లగా కింద పెట్టింది. చివరికి అండాలమ్మ లోపలున్న కోడలిని పిలిచి, “దుకాణం చూసుకో, నేను కొత్తపేట పోయొస్త,” అంది.

అట్టలు నలుగుతాయని మెట్రో ఎక్కలేదు, ఆటో మాట్లాడుకున్నాం. మెయిన్ రోడ్డు చూసి డ్రైవర్ తల అడ్డంగా ఊపాడు. “గిట్ల పోతే ఆరైతది. లోపలి గల్లీలల్ల నుంచి కొడ్త, గట్టిగ పట్టుకోండ్రి.” ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ముగ్గురం కలిసి ఆ కట్టను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాం. మోకాలు మోకాలికి కొట్టుకుంటోంది. అండాలమ్మ నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

హాల్లోకి అడుగుపెట్టేసరికి నాలుగో భాగం చివరి పేజీ తెర మీద ఉంది. పొగమంచు, రోడ్డు, ఒంటి చెప్పు. జనం అయ్యో అంటున్నారు. ఒక పక్క రిసెప్షన్ కోసం పూలవాళ్ళు నిచ్చెనలు వేసి బంతిపూల దండలు కడుతున్నారు. ఫణి మమ్మల్ని చూసి, మా చేతిలోని కట్టను చూసి, పరుగెత్తుకొచ్చాడు. నేను చదువుతానని అండాలమ్మ చెప్పగానే మైకు నాకిచ్చి, ఫోన్ కెమెరా ఒక్కో పేజీ మీద పట్టుకుని తెరకు కలిపాడు.

చదవడం మొదలుపెట్టాను. మొదటి రెండు బుడగలు నా గొంతుతోనే చదివాను. మూడో దానికి యాదమ్మే మాట్లాడింది. బస్సు ఎక్కడుందో తెలుసా? కొత్తపేట పండ్ల మార్కెట్లో! ఆ రూటు బస్సు బందైతే తన వ్యాన్లు నడుపుకోవచ్చని మూడో భాగం నుంచీ కాచుకున్న వ్యాపారి దాన్ని ఎత్తుకుపోయి, షెడ్డులో పెట్టి, చుట్టూ బొప్పాయిపండ్లు కొండలా పోయించాడు. ఇప్పుడా మార్కెట్ అక్కడ లేదు, ఊరి బయటికి పోయింది. బొమ్మల్లో ఆ కమాన్లూ తట్టలూ హమాలీలూ కనబడగానే కొత్తపేట వాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. లోపల ఇరుక్కున్న ప్రయాణికుల్లో, మొదటి భాగం నుంచీ ఆ బస్సెక్కే ఏలూరు మామ్మ ఉంది. ఆమె బుడగ రాగానే, ఆ యాస తనదేనంటూ వదిన నా చేతిలోంచి మైకు లాక్కుంది. “ఒరేయ్ డ్రైవరూ, బొప్పాయిపళ్ళ మధ్యన పెట్టి తినడానికి చాకైనా ఇవ్వలేదేంట్రా!” హాలంతా నవ్వులు. మేకపిల్ల కూడా దొరికింది, వెనక సీట్లో, టికెట్ల కట్ట నములుతూ.

యాదమ్మ మార్కెట్ మధ్యలో నిలబడి విజిల్ వేస్తుంది. లోపలి నుంచి జనం బస్సు రేకు మీద దబదబ బాదుతారు. ఆ పేజీ రాగానే ముందు వరసలో ఒకాయన కుర్చీ చేతిని బాదాడు. పక్కనావిడ అందుకుంది. క్షణంలో హాలు మొత్తం బాదుతోంది, నిచ్చెన మీది పూలవాళ్ళు కూడా. ఆ మోతలో పండ్ల కొండ విరిగి, బస్సు బయటికి దూసుకొచ్చింది.

చివరి పేజీ. బస్సు మెట్టు మీద యాదమ్మ. పక్కన పెద్ద ఖాళీ బుడగ. ఆ ఒక్కదానికి నాకు మాట రాలేదు. అండాలమ్మ వైపు చూశాను. ఆమె మెల్లగా లేచి మైకు అందుకుంది.

“దిగేటోళ్ళు దిగుండ్రి, ఎక్కేటోళ్ళు ఎక్కుండ్రి,” అంది. “బస్సు పోతది.”

ఆ తర్వాత మోగిన చప్పట్లు నేను మాటల్లో పెట్టలేను. ఫణి అక్కడికక్కడే, ఐదు భాగాలూ కలిపి ఒకే పుస్తకంగా వేస్తానన్నాడు. అండాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగింది. “మాటలు నువ్వు రాయి బిడ్డ. ఆఖరిది మాత్రం నేను రాస్త.” వదిన చీర సంగతి మర్చిపోయిందనుకుంటున్నారా? మరుసటి ఆదివారమే వెళ్ళి తెచ్చుకుంది.

చీకటి పడకముందే ఎల్బీనగర్‌లో సూర్యాపేట బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆ కథ ముగింపు ఎవరి దగ్గరో ఉందని, వాళ్ళు నాకిస్తారని ఎదురుచూశాను. తీరా వెళ్ళి చూస్తే, అవతల ఒక మనిషి కూడా, చదివేవాళ్ళు ఇంకా ఉన్నారని ఎవరైనా వచ్చి చెబుతారేమోనని అలాగే ఎదురుచూస్తోంది. మా ఇద్దరి మధ్య ఉన్నది మూడు గంటల బస్సు దారి. చదివేవాళ్ళు ఒట్టి గిరాకీలు కాదని, గీసినవాళ్ళకు తమ కథ తిరిగి అందించేది కూడా వాళ్ళేనని నాకు ఆ రోజు తెలిసింది. చౌటుప్పల్ దాటేదాకా నేను బుడగల్లో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను, నవ్వుకుంటూనే ఉన్నాను.

మీరూ ఇలాంటి మేళాకు వెళ్తే ఒక పని తప్పకుండా చేయండి: నచ్చిన పాత పుస్తకం వెనక అట్ట మీద ప్రెస్సు చిరునామా ఉందేమో చూసి, దాన్ని గీసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో అమ్మేవాళ్ళను అడగండి, అడగడానికి పొద్దున్నే వెళ్ళండి, వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళడానికి మధ్యాహ్నమంతా మీ చేతిలో ఉంటుంది.