గోల్ గీత పక్కన స్టూలు మీద నేను

ఒక్క వేలితో, అదీ బొటనవేలితో, నేను మా పేట ఫుట్‌బాల్ జట్టును ముంచాను, మేనమామ పరువు తీశాను, పుట్టినప్పటి నుంచి దాచుకున్న నా నోటిని కర్నూలుకూ కడపకూ ఒకేసారి వినిపించాను. ఇంత నష్టం చేయడానికి మామూలుగా తుఫాను కావాలి. మా వైపు తుఫాన్లు రావు కాబట్టి ఆ పని నా మీద పడిందని సరిపెట్టుకుంటున్నాను.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. మా ఇంట్లో ఫుట్‌బాల్ అనేది ఆట కాదు, ఎన్ని మందులు వాడినా తగ్గని దగ్గు. సాయంత్రమయ్యేసరికి వరండాలో ముగ్గురు చేరేవారు. మా నాన్న, జట్టుకు పెద్దమనిషి. ఆయన స్నేహితుడు ఖాజా చాచా, వీధి చివర టీ అంగడి ఆయనది, జట్టుకు రెండో పెద్దమనిషి. మూడో ఆయన అమ్మ తమ్ముడు ఓబులేసు మామ, జట్టుకు గోల్‌కీపర్. నేను పుట్టకముందు నుంచీ ఆయనే గోల్‌కీపర్. అసలు గొడవ అదే.

"కాలం మారిపాయ ఓబులేసూ. ఇప్పుడు గోల్‌కీపరంటే కాలితో పాసులియ్యాల," అనేవాడు నాన్న.

"కాలితోనే ఆడేదైతే దేవుడు నాకు చేతులెందుకు ఇచ్చినాడు బావా?"

"నువ్వు బంతి దొరికితే ఆకాశానికి తంతావు. అది కిందికొచ్చే లోపల నేను టీ కాచి వడగట్టొచ్చు," అనేవాడు చాచా. "ఇర్ఫాన్‌ను చూడు. డిగ్రీ పిల్లోడు. బంతి పట్టి ఎంత ముద్దుగా పక్కోనికిస్తాడు."

"ఇస్తాడు. మన పక్కోనికా, వాళ్ల పక్కోనికా అని చూసుకోడు."

"మొన్న ఆదోనిలో నువ్వు వదిలేసిన గోల్ సంగతేంది?"

"అది రెఫరీ తప్పు."

ఇక్కడికొచ్చేసరికి ముగ్గురికీ మాట కలిసేది. మా పేట జట్టు ఓడిన ఆటల్లో ఒక్కదాంట్లో కూడా మా తప్పు లేదు. రెఫరీ, ఎండ, గాలి, మళ్లీ రెఫరీ. నేను టీ గ్లాసులు పెట్టి లోపలికొచ్చి పుస్తకం తెరిచేదాన్ని. తలుపు మూసినా వాళ్ల మాటలు దోమల్లా ఏదో సందులోంచి వచ్చి చెవి దగ్గరే తిరిగేవి. అందువల్ల ఇష్టం లేకపోయినా నాకు ఆటంతా తెలుసు. నాకు తెలుసన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. అడిగితే కదా.

ఆ ఎండాకాలం పోటీల్లో మా జట్టు ఎలాగో ఫైనల్‌కు చేరింది. అవతల కడప జట్టు. నాన్న తీర్పు చెప్పేశాడు.

"ఈ ఆట గెలిస్తే ఇంకో ఏడాది నువ్వే గోలీ ఓబులేసూ. ఓడితే చేతితొడుగులు ఇర్ఫాన్‌కు ఇచ్చెయ్యాల."

మామ సరేనన్నాడు. తర్వాత మంచినీళ్ల కోసమని వంటింట్లోకి వచ్చి, తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను పనిచేసే ఇనప సామాన్ల అంగట్లో పొద్దస్తమానం 'ఏయ్, ఆ నట్లు తీసియ్యి' అంటారు పాపా. గ్రౌండ్‌లో మాత్రమే 'గోలీ భాయ్' అంటారు. అది కూడా పోతే నాకేముండాది చెప్పు."

నేను ఎప్పుడూ ఏమీ చెప్పను. కానీ ఆయన గెలవాలని మనసులో గట్టిగా అనుకున్నాను. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను, తర్వాత మీరు నమ్మరు కనక.

ఫైనల్‌కు రెఫరీ దొరకడం కష్టమైంది. కర్నూలాయన వద్దని కడపవాళ్లు, కడపాయన వద్దని మావాళ్లు. చివరికి నంద్యాల నుంచి రిటైరైన డ్రిల్లు మాస్టరు ఒకాయన ఒప్పుకున్నాడు. ఆయన షరతు ఒకటే. "నా కంట్లో శుక్లాలు ఉండాయి. దూరంనుంచి గోల్ గీత అగుపడదు. టీవీల్లో పెట్టినట్ల గీత పక్కన వీడియో పెట్టుకోండి. అట్లయితేనే విజిలు పట్టుకుంటా."

వీడియో ఎవరు తీయాలన్నది మాట్లాడటానికి కడప జట్టు పెద్ద రెడ్డెప్ప మా ఇంటికే వచ్చాడు. నాన్న చెప్పిన పేర్లన్నిటికీ ఆయన తల అడ్డంగా ఊపాడు, ఆయన చెప్పిన పేర్లకు నాన్న ఊపాడు. ఇద్దరి మెడలూ నొప్పి పుట్టే వేళకు నేను టీ తెచ్చాను.

"ఈ పాప ఎవరప్పా?" అన్నాడు రెడ్డెప్ప.

"నా కూతురే. మాట్లాడదు."

"ఏం పాపా, మా కడపోళ్ల మీద కోపమేమన్నా ఉండాదా?"

లేదని తల ఊపాను.

"ఫుట్‌బాలంటే ఇష్టమా?"

ఇంకా గట్టిగా ఊపాను.

"ఈ పాపే తియ్యాల," అన్నాడాయన టీ అందుకుంటూ. "ఎవరు గెలిచినా ఈమెకు ఒకటే."

నా ఫోన్‌లో జాగా లేదు. లైబ్రరీ వాళ్లు ఇంటికివ్వని పుస్తకాలన్నీ పేజీ పేజీ ఫొటో తీసి దాచుకున్నాను. కొన్ని తీసేయమన్నాడు నాన్న. ఏ పేజీ తీసేయాలో తేలక ఏదీ తీయలేదు. దాంతో ఖాజా చాచా ఒక ఉపాయం చెప్పాడు.

"ఆటంతా ఎందుకు తియ్యడం బేటీ? బంతి గోల్ దగ్గరికొస్తే నొక్కు. దూరం పోతే ఇంకోసారి నొక్కి ఆపెయ్. అంతే పని."

అంతే పని. ఈ రెండు మాటలు విన్నప్పుడల్లా నేనిప్పటికీ ఫోను దూరంగా పెట్టేస్తాను.

ఆదివారం సాయంత్రం కాలేజీ గ్రౌండ్. సాయంత్రమని పేరే గానీ ఎండ ఇంకా డ్యూటీ దిగలేదు. గోల్ గీతకు సరిగ్గా ఎదురుగా, తాడుకు ఇవతల, నన్నొక ఇనుప స్టూలు మీద కూర్చోబెట్టారు. స్టూలు దోసె పెనంలా ఉంది. చున్నీ తల మీద కప్పుకుని ఫోను ముందుకు పట్టుకున్నాను. ఆ వెలుతురులో ఫోను పలకలా నల్లగా కనిపించింది, దాని మీద నా ముఖం తప్ప ఏమీ తెలియడం లేదు. మొదటిసారి బంతి మా వైపు వచ్చినప్పుడు నొక్కాను. నొక్కుకుందో లేదో అని అనుమానం వచ్చి ఇంకోసారి నొక్కాను. అది శ్రద్ధ అనుకున్నాను. చదివే మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు.

అక్కడి నుంచి ఎంతో క్రమశిక్షణగా పనిచేశాను. బంతి రాగానే నొక్కాను, పోగానే నొక్కాను. ఎవరూ పలకరించని చోట ఒంటరిగా కూర్చుంటే నాలో నేను మాట్లాడుకునే అలవాటు నాకుంది. ఇంట్లో తలుపేసుకుని చేసే పని అది. గ్రౌండ్‌లో నా చుట్టూ ఎవరూ లేరు, ఫోను ఆగి ఉందనుకున్నప్పుడు అనిపించింది అనుకుంటూ కూర్చున్నాను.

రెండో సగంలో మామ నా వైపు గోల్‌లోకి వచ్చాడు. అప్పటికి రెండు జట్లూ గోల్ చేయలేక అలిసిపోయాయి, చూసేవాళ్లు తిట్టలేక అలిసిపోయారు. ఇక ఆట అయిపోతుందనగా కడపవాళ్లు కొట్టిన బంతి గాలిలో వంగి వచ్చింది. మామ వెనక్కి నడుస్తూ, నడుస్తూ, బంతిని రెండు చేతులా పట్టుకుని ధబ్బున కూలబడ్డాడు. గీతకు అవతలా, ఇవతలా?

"గోల్," అని కడప.

"యాడ గోలు? కండ్లు పోయినాయా?" అని మేము.

నేను పద్ధతిగా ఫోను ఆపాను. ఆపాననుకున్నాను.

అందరూ నడిమి గ్రౌండ్‌లో ఉన్న రెఫరీ మీదికి పరుగెత్తారు. అంతమంది ఊపిరికి ఆయన టోపీ ఊగుతోంది. నాన్న గొంతు అందరికన్నా పైన వినిపిస్తోంది. నేను కూడా అటే చూస్తూ ఉండిపోయాను. ఒళ్లో పెట్టుకున్న ఫోను మాత్రం గోల్ వైపే చూస్తోంది.

చివరికి అందరూ వచ్చి గీత చూశారు. గీత ఒకచోట వల వైపుకు పొట్టలా ఉబ్బి ఉంది.

"ఇదేందప్పా, గీత ఇట్ల వంగింది?" అన్నాడు రెడ్డెప్ప.

"పొద్దున్నించీ అట్లే ఉండాది," అన్నాడు మామ. "గీసినోడు మీ ఊరి అల్లుడు."

"వీడియో పెట్టండి," అన్నాడు రెఫరీ.

షామియానా కిందికి నడిచాం. నా జీవితంలో మొదటిసారి ఒక గుంపు నా కోసం దారి ఇచ్చింది. ఖాజా చాచా తువ్వాలు కప్పి నీడ చేశాడు. తువ్వాలు కిందికి దూరగలిగినన్ని తలలు దూరాయి. మామ దూరలేదు. ఆయన ధైర్యంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి వీడియోలో కుక్క ఒకటి గ్రౌండ్ దాటింది. వెనక ఒక ఆడగొంతు, "అబ్బా, ఏం ఎండ. ఈ కుక్కకుండే బుద్ధి మాకు లేదు" అంది. ఆ కుక్క గోల్ వైపు నుంచి నీడలోకి వెళ్లిపోయింది. బంతి కనిపించగానే వీడియో ఆగిపోయింది.

"ఇది కాదు, రెండో సగంలోది పెట్టు," అన్నాడు నాన్న.

రెండోదాంట్లో మామ నడుము మీద చేతులు పెట్టుకుని ఆవులిస్తున్నాడు. గొంతు అంది: "ఇర్ఫాన్‌నే పెట్టాల్సింది. మా మామ వంగాలంటే ముందు రోజే అర్జీ పెట్టుకోవాల."

ఖాజా చాచా మెల్లగా నా వైపు తిరిగాడు.

"బేటీ, ఇది నువ్వేనా? నీకు మాటలొస్తాయా?"

మూడోదాంట్లో ఖాళీ గోల్, పైన ఆకాశం. "మా నాన్న రెఫరీని మళ్లీ తిడతాండాడు. బంతి మొత్తం గీత దాటితేనే గోలని పుస్తకంలో రాసుండాది. వీళ్లల్లో ఒక్కరు చదివింటే ఒట్టు."

"ఆపు," అన్నాడు నాన్న.

"ఆపొద్దప్పా, శానా బాగుండాది," అన్నాడు రెడ్డెప్ప. "మూడేండ్లుగా మేం చెప్పేదే చెప్తాంది."

ఆట నడిచినంతసేపూ ఫోను నిద్రపోయిందనీ, ఆట ఆగినప్పుడల్లా లేచి కూర్చుందనీ అప్పటికి నాకు అర్థమైంది. బంతి గోల్ దగ్గరికొచ్చిన సంగతి ఒక్కదాంట్లో కూడా ఉండదు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను, అవసరమైనప్పుడు అది మామూలుగానే మొరాయించింది. చాచా వేలు ఆఖరి వీడియో మీద పడింది.

అందులో మామ బంతి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన కూర్చున్నది స్పష్టంగా గీతకు అవతల, వల నీడలో. దూరంగా అరుపులు. మామ అటు చూశాడు, ఇటు చూశాడు. మోకాళ్ల మీద చేతులు వేసి, దారిలో రెండుచోట్ల ఆగి, లేచాడు. బూటుతో సున్నపు గీతను తుడిచాడు. పక్కనుంచి గుప్పెడు సున్నం ఎత్తి, వాకిట్లో ముగ్గేసేవాళ్లలా ఒద్దికగా వంగి, తను కూర్చున్న గుర్తుకు వెనకగా కొత్త గీత గీశాడు. ఒకడుగు వెనక్కి వేసి అందం చూసుకున్నాడు. ఒక వంక నచ్చక మళ్లీ సరిదిద్దాడు. నా గొంతు మాత్రం, "పాపం మామ ఎట్లున్నాడో ఏమో, ఒక్కడే ఉన్నట్టుండాడు" అంది.

రెఫరీ శుక్లాల కళ్లకు కూడా అది కనిపించింది. విజిలు ఊదాడు. గోల్. కడప గెలిచింది.

తల ఎత్తి చూస్తే షామియానా దగ్గర మామ లేడు.

ఆ రాత్రి మా ఇంట్లో గరిటెలు కూడా చప్పుడు చేయలేదు. అమ్మ ఒక్కసారి మాత్రం అంది. "నోరులేని పిల్ల, నోరులేని పిల్ల అని ఊరంతా చెప్పుకున్నా. నోరున్నా బాగుండేది, దాన్ని నా తమ్ముని మీద పెట్టకుండా ఉంటే."

మరునాడు పొద్దున్నే మామ వచ్చాడు. చేతిలో చేతితొడుగులు. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను, తలకిందులుగా.

"ఆ వీడియో చూపి పాపా."

ఫోను పగలగొడతాడనుకుని, లైబ్రరీ పేజీలన్నిటికీ మనసులో దండం పెట్టి ఇచ్చాను. ఆయన చూశాడు. మళ్లీ చూశాడు. ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"గీత సంగతి వదిలెయ్. నాకు అంత పొట్ట యాడిది?"

"ఉండాది మామా."

"నేను లేచేది అంత నిదానమా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ జిల్లా అంతా వినేసిన తర్వాత దాచేదేముంది. "మామూలుగా ఇంకా నిదానం మామా. నిన్న నువ్వు తొందరలో ఉండావు."

మామ నా వైపు చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత, గీతలా ఉబ్బిన ఆ పొట్ట కదిలింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఎంతవరకు నవ్వో, ఎక్కడినుంచి మరొకటో నేను అడగలేదు.

"ఎవరన్నా చెప్తే నమ్మేవాణ్ని కాదు లే," అని లేచి, చేతితొడుగులు తనే తీసుకుపోయి ఇర్ఫాన్‌కు ఇచ్చి వచ్చాడు. ఇర్ఫాన్ మొదటి ఆటలోనే కాళ్ల సందులోంచి గోల్ వదిలేశాడు. ఆ రోజు మామ మా ఇంట్లో మారు వడ్డించుకుని మరీ అన్నం తిన్నాడు.

కథ అక్కడ ముగిసి ఉంటే నేను ప్రశాంతంగా బతికేదాన్ని. నెల తిరక్కుండా రెడ్డెప్ప ఫోన్ చేశాడు. "సొంత మేనమామనే పట్టిచ్చిన పాప. ఆ పాప స్టూలు మీద కూర్చుంటేనే మా జట్టు గ్రౌండ్‌లోకి దిగుతాది." ఈ మాట ఆదోనికి పాకింది, ప్రొద్దుటూరుకు పాకింది. నన్ను మించిన నిష్పక్షపాతి ఈ నాలుగు జిల్లాల్లో లేదట. జనం కనిపిస్తే గోడ పక్కకు తప్పుకునే నన్ను ఇప్పుడు ప్రతి ఆదివారం ఏదో ఒక గోల్ గీత పక్కన ఎండబెడుతున్నారు.

ఒంటరిగా పంపరు కాబట్టి మామ తోడొస్తాడు. స్టూలు మోస్తాడు, గొడుగు పడతాడు, గీతలు వంకరగా ఉంటే గీసినవాళ్లకు పాఠం చెబుతాడు. కొత్త ఊళ్లో "మీరెవరప్పా?" అని ఎవరైనా అడిగితే, ఛాతీ ముందుకు పెట్టి, "ఆ పాప పట్టిచ్చిన మేనమామను నేనే" అంటాడు. వెంటనే ఆయనకు కుర్చీ వేస్తారు, టీ తెస్తారు, గోలీ భాయ్ అని కూడా అంటారు. నాకు మాత్రం ఇంకా స్టూలే.

అందుచేత, తుంగభద్ర సాక్షిగా, అది ఎండాకాలంలో ఉండదు కాబట్టి దాని ఇసుక సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట గోల్ గీత పక్కన కూర్చున్నంతసేపూ నేను నోరు తెరవను. ఫోను ఆగిపోయిందని నా కళ్లు చెప్పినా, రెఫరీ చెప్పినా తెరవను. ఇర్ఫాన్ బంతి వదిలేసినా సరే, కిక్కురుమనను.

వదిలేస్తాడు, అది వేరే సంగతి.